రాజపత్రమా, నీకో దండం

కంచర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహసీల్దారు, అంటే సర్కారు కొలువు చేసినవాడే. గోల్కొండ చెరలో కూర్చుని తన దేవుణ్ణి నోరారా దెప్పాడు. ఆ దెప్పుళ్ళన్నీ మనకు భక్తిగానే మిగిలాయి. నిన్ను దెప్పేటంత చనువు నాకు లేదు. అందుకని పొగుడుతాను. రాజపత్రమా, వాడుకలో గెజిట్టూ, నీకు లేని గుణం ఒక్కటి కూడా అంటగట్టను. ఉన్నవే చెబుతాను.

ముందు నీ పేరు మహిమ. నీలో పేరు అచ్చయినవాడు గెజిటెడ్ అధికారి. అతని ఆకుపచ్చ సంతకం పడితేనే మన జిరాక్సు కాపీలు నిజమైన కాపీలయ్యేవి. పేరు అచ్చు కానివాడు నాన్ గెజిటెడ్ ఆఫీసరు, పొట్టిగా ఎన్జీవో. ఉద్యోగుల్లో ఎక్కువమంది ఈ రెండో వరసే. తక్కిన లోకానికి ఎన్జీవో అంటే స్వచ్ఛంద సంస్థ. మన ఊళ్ళలో ఎన్జీవో అంటే గుమాస్తా, టైపిస్టు, రెవెన్యూ ఇన్‌స్పెక్టరు. జిల్లా కేంద్రంలో దిగి ఎన్జీవోస్ కాలనీకి అంటే ఆటోవాడు అడ్రసు అడగడు. నీలో పేరు పడనివాళ్ళం అన్న మాటనే బోర్డు మీద రాసుకుని వాళ్ళు ఇళ్ళు కట్టుకున్నారు. పేరు వెయ్యకుండానే ఇన్ని లక్షల మందికి పేరు పెట్టినదానివి నువ్వొక్కదానివే. ఆ పేరు లేనివాళ్ళ మీద నీ దృష్టి మాత్రం ఎన్నడూ తప్పలేదు. జీతం, సెలవు, బదిలీ, శిక్ష, విరమణ, అన్నీ నీలోనే. వాళ్ళ పేర్లతో నీకు పని లేదు, పుట్టినతేదీ చాలు.

ఇక నీ సత్యసంధత. చేతికిచ్చిన మాటను ఇచ్చినట్టే అచ్చు వేస్తావు. నిన్నటి మాటకు ఇవాళ్టి మాట ఎదురు తిరిగినా రెండింటికీ అదే సైజు అక్షరం, అదే మర్యాద. 1979 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వోద్యోగి విరమణ వయసు 55 నుంచి 58కి పెరిగింది. అచ్చు వేశావు. 1983 జనవరి 9న ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. సరిగ్గా ముప్పై రోజులకు, ఫిబ్రవరి 8న, 58 మళ్ళీ 55 అయింది. అదీ అచ్చు వేశావు. అప్పటికే 55 నిండినవాళ్ళంతా ఆ నెల 28 సాయంత్రానికి ఇంటికి వెళ్ళాలి. వ్యవధి ఇరవై రోజులు.

ఈ వేగానికి నేను నిజంగానే చేతులు జోడిస్తాను. ఒక గుమాస్తా ఇంక్రిమెంటు ఫైలు ఒక టేబుల్ నుంచి పక్క టేబుల్‌కి నడవడానికి ఎంత కాలం పడుతుందో ఆ గుమాస్తాకు తెలుసు. వేలమంది గుమాస్తాలను ఇంటికి పంపడానికి ఇరవై రోజులు సరిపోయాయి. సర్కారుకు చురుకు లేదని అనేవాళ్ళు నీ పాత సంపుటాలు తిరగెయ్యలేదు. చురుకు ఉంది. కావాలనుకున్న రోజున ఎక్కడి నుంచైనా వస్తుంది.

కుర్రాళ్ళకు ఉద్యోగాలు దొరకాలన్నది అప్పుడు చెప్పిన కారణం. మంచి కారణమే, నేను కాదనను. కానీ ఇంకో మూడేళ్ళ జీతం లెక్కలో పెట్టుకుని అప్పు తెచ్చి ఇంటికి పునాది తీసినవాడు ఉంటాడు. కూతురికి సంబంధం మాట్లాడుతున్నవాడు ఉంటాడు. కొడుకు ఫీజు మూడు వాయిదాలుగా కడదామనుకున్నవాడు ఉంటాడు. వీళ్ళకు ఆ ఇరవై రోజుల్లో ఏం సర్దుకోమన్నట్టు? నీ పేజీలో ఆ ప్రశ్నకు చోటు లేదు. ముందు జీవో వచ్చింది, వెనక ఆర్డినెన్సు వచ్చింది, ఆ తర్వాత 1984లో 23వ నంబరు చట్టం వచ్చింది. మనుషులను పంపేశాక, పంపడం సబబా కాదా అని సభ మాట్లాడుకుంది. ఈ వరసను కూడా నువ్వు దాచలేదు. ఏ తేదీన ఏది జరిగిందో నీ పై అంచున వేసే ఉంచావు. నీలాంటి సాక్షి దొరకదు.

1984 ఆగస్టు 16న ప్రభుత్వం మారి నాదెండ్ల భాస్కరరావు ముఖ్యమంత్రి అయ్యారు. అదే నెల 23 నుంచి విరమణ వయసు మళ్ళీ 58. అంటే దాదాపు పద్దెనిమిది నెలల పాటు 55 నడిచింది. ఆ పద్దెనిమిది నెలల్లో ఇంటికి వెళ్ళిన ఒకడికి 56 ఏళ్ళు అనుకుందాం. కొన్ని నెలలు ఆలస్యంగా పుట్టిన పక్క సీటువాడు మాత్రం సీట్లోనే ఉన్నాడు. ఇద్దరూ ఒకే ఏడు ఉద్యోగంలో చేరి, ఒకే క్యారేజీలో పచ్చళ్ళు పంచుకుని, ఒకే సూపరింటెండెంటు చేత చీవాట్లు తిన్నవాళ్ళే అయ్యుండవచ్చు.

నీలో ఏదైనా అచ్చు తప్పు పడితే ఏం చేస్తావో నాకు తెలుసు. ఫలానా పేజీ ఫలానా పంక్తిలో ఫలానా మాటకు బదులు ఫలానా మాట చదువుకోవాలని తర్వాతి సంచికలో సవరణ వేస్తావు. తప్పు ఒప్పుకోవడం నీకు చిన్నతనం కాదు. మనుషుల్లో ఈ గుణం అరుదు, ప్రభుత్వాల్లో మరీ అరుదు. ఆ పద్దెనిమిది నెలల తప్పుకు సవరణ నీ చేతికి ఎవరూ ఇవ్వలేదు. అది సుప్రీంకోర్టు నుంచి రావలసి వచ్చింది.

అది కూడా ఒక్కసారిగా రాలేదు. 1985 జనవరి 18న కె. నాగరాజ్ కేసులో ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్ ధర్మాసనం 55కి తగ్గించడం చెల్లుతుందని చెప్పింది. ఆ మాట చెప్పేనాటికి రాష్ట్రంలో 58 నడుస్తోంది. చట్టసభకు దురుద్దేశం అంటగట్టడానికి వీల్లేదన్న సూత్రం ఆ తీర్పులో ఉంది. నేను దాన్ని మనసారా ఒప్పుకుంటాను. దురుద్దేశం పుట్టాలన్నా ముందు ఒక బిల్లు గురించి కాసేపు ఆలోచించాలి. ప్రవేశపెట్టిన రోజో మర్నాడో మూజువాణి ఓటుతో దాటిపోయే బిల్లులో దేనికైనా తీరిక ఎక్కడిది? అదే ఏడాది బి. ప్రభాకరరావు కేసులో, మధ్యలో ఇంటికి వెళ్ళిపోయి ఇంకా 58 నిండనివాళ్ళను తిరిగి కొలువులోకి తీసుకోమని కోర్టు చెప్పింది. ఆ సమాన న్యాయం సభలోనే జరిగి ఉంటే ఒక ముసలాయన వకీలు ఫీజుకు అప్పు చెయ్యనక్కర్లేకపోయేది.

మూజువాణి ఓటును కూడా ఇక్కడే పొగడాలి. అవునన్నవారు అవుననండి, కాదన్నవారు కాదనండి. గొంతులు లేస్తాయి, బిల్లు దాటుతుంది. ఎవరు అవునన్నారో ఎవరు కాదన్నారో పేర్లు ఎక్కడా పడవు. సభ్యుడికి కూడా ఆ ఒక్క నిమిషం ఎన్జీవో హోదా దక్కుతుంది. అతని పేరు నీలో పడదు. తేడా ఏమిటంటే, అతను దాచుకున్న పేరు వల్ల అతనికి నష్టం లేదు.

తర్వాత కాలంలో వయసు పెరగడమే గాని తగ్గలేదు. రాష్ట్రం విడిపోగానే 2014 జూన్‌లో, కొత్త సభ తొలి సమావేశాల్లోనే, ఆంధ్రప్రదేశ్‌లో విరమణ వయసు 60 అయింది. 2021లో తెలంగాణలో 61. 2022 జనవరి 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో 62. ఉద్యోగులు దీన్ని వరంగానే తీసుకున్నారు, తీసుకోవడం సహజం. ఆ జనవరిలో వయసు పెంపు ప్రకటన పీఆర్సీ ఫిట్‌మెంటుతో కలిసి వచ్చింది. వరం ఇచ్చిన చేతికి కూడా కొంత ఊరట దొరికింది. విరమణ ఆగితే గ్రాట్యుటీ, కమ్యుటేషన్ ఆగుతాయి. ఖజానా రెండేళ్ళు ఊపిరి పీల్చుకుంటుంది. రిటైరయినవాడి సీటు ఖాళీ అవుతుందని గ్రూపు పరీక్షల పుస్తకాలు ముందేసుకుని అద్దె గదిలో కూర్చున్న కుర్రవాడు కూడా ఆ రెండేళ్ళూ ఊపిరి బిగబట్టే కూర్చుంటాడు. 1983లో ఎవరి పేరు చెప్పి 55 చేశారో ఆ కుర్రవాడి ఊసు 2022లో వినపడలేదు. నువ్వు మాత్రం రెండు సార్లూ ఒకే నిండుతనంతో అచ్చు వేశావు.

తేదీ విషయంలో నీ నిక్కచ్చితనం దగ్గర కాసేపు ఆగాలి. ఉద్యోగి ఏ నెలలో పుడితే ఆ నెల ఆఖరి రోజు సాయంత్రం రిటైరవుతాడు. ఒకటో తారీఖున పుట్టినవాడు మాత్రం అంతకు ముందు నెల ఆఖరి రోజునే వెళ్ళిపోవాలి. నిబంధన అది. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఇద్దరిని తీసుకో. ఒకడు 1962 జనవరి 1న పుట్టాడు. 2021 డిసెంబరు 31 సాయంత్రం అతనికి దండ వేసి, శాలువా కప్పి, స్వీటు ప్యాకెట్టు చేతికిచ్చి పంపారు. రెండోవాడు 1962 జనవరి 2న పుట్టాడు. అతనికి ఇంకో రెండేళ్ళ నౌకరీ, రెండేళ్ళ నిండు జీతం. మధ్య ఉన్నది ఒక్క రాత్రి. ఆ తరంలో పల్లెటూరి పిల్లల్లో చాలామందికి పుట్టినతేదీ అమ్మకే సరిగా తెలియదు. బడిలో చేర్చుకున్న రోజున పంతులుగారు తోచిన తేదీ వేసేవారు. జనవరి ఒకటి వెయ్యడమూ రెండు వెయ్యడమూ ఆయన కలం పాళీలో సిరా ఎటు జారిందన్న దాన్ని బట్టి ఉండేది. ఆ పంతులుగారి ఊహను అరవై ఏళ్ళ తర్వాత కూడా నువ్వు శాసనంలా మన్నించావు. ఒక పల్లెటూరి బడి పంతులికి ఇంత గౌరవం ఇచ్చినవాళ్ళు మరొకరు లేరు. గీత ఎక్కడో ఒకచోట గియ్యాలి, నిజమే. గీసే ముందు దానికి అటూ ఇటూ నిలబడే మనుషులను ఒకసారి చూసి గియ్యవచ్చు గదా అన్నదే నా బాధ.

నీ ఓర్పుకు హద్దు లేదని బీహారు చెప్పింది. అక్కడ 1989లో 429 సంస్కృత పాఠశాలలను ప్రభుత్వం ఆర్డినెన్సుతో తన చేతిలోకి తీసుకుంది. అంటే ఆ పంతుళ్ళు రాత్రికి రాత్రి సర్కారు ఉద్యోగులయ్యారు. ఆర్డినెన్సు గడువు తీరితే మళ్ళీ ఆర్డినెన్సు, అది తీరితే ఇంకొకటి. 1992 దాకా ఇదే. ఒక్కటి కూడా చట్టం కాలేదు. సభ బల్ల మీద పెట్టవలసిన కాగితాన్ని సభ బల్ల మీద పెట్టనే లేదు. 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, ఇలా ఆర్డినెన్సుల మీద ఆర్డినెన్సులు తేవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనంది. ఆ ఆర్డినెన్సుల వల్ల పంతుళ్ళకు శాశ్వతమైన హక్కేదీ రాలేదని కూడా తేల్చింది. ప్రధాన తీర్పు రాసిన డి.వై. చంద్రచూడ్, 1985లో నాగరాజ్ తీర్పు ఇచ్చిన వై.వి. చంద్రచూడ్ కుమారుడు. తండ్రి తరానికీ కొడుకు తరానికీ పని చాలినంత ఉంది ఈ మామూలు వ్యవహారంలో. మోసపోయింది రాజ్యాంగం. జీతం పోయింది పంతులుది. ఒకదాని తర్వాత ఒకటిగా ఆ ఆర్డినెన్సులన్నింటికీ నంబరు వేసి తేదీ వేసి అచ్చు వేసింది నీ వంశమే.

అయినా నువ్వు లేకపోతే ఇంకా అన్యాయం. ఈ మాట గుండెల మీద చెయ్యి వేసుకుని చెబుతున్నాను. 1923లో జైపూరు సంస్థానం మంత్రిమండలి నల్లమందు చట్టం ఒకటి చేసి, ఎక్కడా ప్రకటించకుండా ఊరుకుంది. దాని కింద హర్లా అనే మనిషికి యాభై రూపాయల జరిమానా పడింది. 1951లో సుప్రీంకోర్టులో న్యాయమూర్తి వివియన్ బోస్ ఆ శిక్ష కొట్టేశారు. నలుగురికీ తెలియజెయ్యని చట్టం చట్టం కాదన్నారు. అది నీ గెలుపు. వెలుగులో పెట్టడమే నీ ధర్మం. అలాంటి నీ తోబుట్టువులు జీవోలు. 2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో వాటిని వెబ్‌సైటులో జనానికి కనిపించేలా పెట్టడం ఆపేశారు. మళ్ళీ 2024 ఆగస్టులో మొదలుపెట్టారు. ఆ మధ్య మూడేళ్ళూ తమ మీద వచ్చిన ఉత్తర్వును వాట్సాప్‌లో ఎవరో ఫోటో తీసి పంపితే చదువుకున్న ఉద్యోగులు ఉంటారు. మసగ్గా, ఒక మూల మడిచి, సంతకం తెగిపోయి.

నీ తెలుగు గురించి ఎక్కువ చెప్పను. ఉమ్మడి రాష్ట్రంలో 1966లో అధికార భాషా చట్టం వచ్చింది. తెలుగులో చట్టం చేసినా దాని ఇంగ్లీషు అనువాదమే ప్రమాణమంటుంది రాజ్యాంగం 348వ అధికరణం. కాబట్టి తెలుగు ఉద్యోగికి తెలుగులో చెప్పిన మాట, ఇంగ్లీషు ఒప్పుకున్నంత మేరకే నిజం. ఇందులో నీ తప్పేమీ లేదు. రెండూ తప్పుల్లేకుండా వేస్తావు.

నిన్ను వేసిన చేతుల దగ్గరికి వస్తాను. హైదరాబాదు చంచల్‌గూడలో ప్రభుత్వ ముద్రణాలయం ఉంది. సీసపు అక్షరాల రోజుల్లో కంపోజిటరు అరల ముందు నిలబడి ఒక్కొక్క అచ్చును వేళ్ళతో ఏరి, తలకిందులుగా, కుడి ఎడమై ఉన్న అక్షరాలను చదువుతూ పేర్చేవాడు. గుణింతాలూ వత్తులూ వేరువేరు అచ్చులు కాబట్టి తెలుగు కంపోజిటరుకు అరలు మరీ ఎక్కువ. కళ్ళు పోయే పని. అతనూ ప్రభుత్వోద్యోగే, అతని పేరూ నీలో పడదు.

1983 ఫిబ్రవరిలో ఆ అరల ముందు నిలబడ్డవాళ్ళలో 55 దాటినవాళ్ళు ఉండి ఉంటే, ఆ ఉత్తర్వు వాళ్ళకు కూడా వర్తించేదైతే, వాళ్ళలో ఒకరి చేతికే ఆ వ్రాతప్రతి వచ్చి ఉంటే, అతను ఆ రెండు అయిదులనూ అరలోంచి ఏరి, పక్కపక్కన పేర్చి, వరస బిగించి, ప్రూఫు తీసి, తప్పులున్నాయేమో చూసి ఉంటాడు.