పెన్ను ఒకచోట, గీత ఇంకోచోట

డాలస్‌లో ఉన్న మనవరాలికి తెలుగు అక్షరాలు నేర్పే ఉద్యోగం నాది. జీతం లేదు, పర్యవేక్షణ మాత్రం గట్టిది. ఇక్కడ ఉప్పలగుప్తంలో చీకటి పడ్డాక అక్కడ ఆ పిల్లకి తెల్లారుతుంది. అప్పుడు మావాడు పంపిన టచ్‌స్క్రీన్ ల్యాప్‌టాప్ తెరిచి, దాంతో వచ్చిన పెన్నుతో తెర మీద రాస్తాను.

చిక్కల్లా ఏమిటంటే, పెన్ను ఆనేది ఒకచోట, గీత పడేది రెండు మూడు మిల్లీమీటర్లు పక్కన. ఇంగ్లీషు రాసేవాళ్లయితే సర్దుకుపోదురు. మన అక్షరానికి పైనా కిందా పక్కనా బోలెడు సామాను. 'ఫలం' రాస్తే కింది గీత 'ల' కిందికి జారిపోయింది. 'కల' రాస్తే తలకట్టు పక్కకెళ్లింది. "తాతా, క టోపీ ల పెట్టుకుందేంటి?" అంది మనవరాలు.

తాటాకు మీద గంటంతో రాసినవాళ్లకి ఈ బాధ ఉన్నట్టు లేదు. మొన ఆనిన చోటే గాటు పడేది, ఆపైన మసి పూస్తే అక్షరం తేలేది. గంటానికి డ్రైవరు అప్‌డేట్లు లేవు.

పక్కింటి రొయ్యల చెరువుల ఆసామి వచ్చి చూశాడు. "ఆయ్, ఉక్కండీ! ఈ ఉక్కకి మా రొయ్యలే తేలిపోతన్నాయి, పెన్నెంతండీ?" అన్నాడు. నవ్వాను గానీ అందులో కొంత నిజం ఉంది. ఎస్.యానాం సముద్రపు గాలి తగిలే ఊళ్లో అరచెయ్యి ఎప్పుడూ తడే. తడి చెయ్యి తెరకి తగిలితే అది వేలనుకుంటుంది. చెయ్యి కింద పొడిగుడ్డ వేసుకున్నాక పిచ్చిగీతలు తగ్గాయి. అసలు గీత మాత్రం దారికి రాలేదు.

మావాడు ఫోన్‌లో కంట్రోల్ ప్యానెల్ తెరిపించి, టాబ్లెట్ పీసీ సెట్టింగ్స్‌లో 'క్యాలిబ్రేట్' నొక్కించాడు. తెర మీద వరసగా ప్లస్ గుర్తులు వస్తాయి, ఒక్కోదాని నడిమధ్యన పెన్ను పెట్టాలి. "రాసేటప్పుడు ఎలా కూర్చుంటావో అలాగే కూర్చో నాన్నా" అన్నాడు. పైన గాజుకీ లోపల కనపడే బొమ్మకీ మధ్య సందు ఉంటుందట. తల కాస్త వాలిస్తే ఆ సందు మేరకి గురి తప్పుతుంది. ఇంతలో మా ఆవిడ పక్కన నిలబడి "అక్కడ కాదండీ, ఇదుగో ఇక్కడ" అని కొన్ని గుర్తులు తనే నొక్కేసింది. యంత్రం మా దాంపత్యానికి సగటు తీసి పెట్టుకుంది. 'రీసెట్' కొట్టి, ఆవిడ గుడికెళ్లినప్పుడు మళ్లీ చేశాను. తలకట్టు 'క' మీదికి వచ్చింది.

వంకర మాత్రం మిగిలింది. అడ్డగీత నెమ్మదిగా గీస్తే మెలికలు తిరుగుతుంది. ఈ పెన్నుల్లో రెండు ముఖ్యమైన జాతులున్నాయి. వాకామ్ వాళ్ల ఈఎమ్ఆర్ రకానికి బ్యాటరీ ఉండదు. తెర వెనకున్న తీగల వల పుట్టించే అయస్కాంత క్షేత్రం నుంచే దానికి శక్తి. దాని దగ్గర అయస్కాంతం మూత ఉన్న ఫోను కవరు పెడితే చాలు, గీత పక్కదారి పడుతుంది. నాది రెండో రకం. దానికి బ్యాటరీ ఉంటుంది, గాజు మీది సన్నపాటి విద్యుత్తుతో మాట్లాడుకుంటుంది. ఇజ్రాయెల్ కంపెనీ ఎన్-ట్రిగ్ దగ్గర ఇలాంటి పరిజ్ఞానాన్నే 2015లో మైక్రోసాఫ్ట్ కొనుక్కుంది. ఇంత చదువుకున్నా మా ఇంట్లో గీత తిన్నబడలేదు.

దోషం పట్టింది ఫ్యాను బాగుచెయ్యడానికి వచ్చిన కరెంటు కుర్రాడు.

"మూత మీద చెయ్యేస్తే జిల్లుమంటందాండీ?"

"అంటుంది."

"చార్జరు పీకి గియ్యండి."

గీశాను. గీత తిన్నగా వచ్చింది! మూడు పిన్నుల ప్లగ్గుకి రెండు పిన్నుల సాకెట్టు కోసం మధ్యలో తగిలించిన ముక్క చూపించాడు. ఎర్తు తెగిపోయేది అక్కడే. చార్జరు నుంచి కారే కరెంటు పోయే దారి లేక తెరలో రొద పెడుతోంది. రెండడుగులు తవ్వితే నీరూరే కోనసీమలో, పెరట్లో ఎర్తు కడ్డీ దర్జాగా దిగి ఉంది. దాని తీగ మాత్రం నా సాకెట్టు దాకా రాలేదు. సాయంత్రానికి ఆ తీగ లాగి, మూడు పిన్నుల సాకెట్టు పెట్టేశాడు. తీసుకున్నది కొత్త పెన్ను ఖరీదులో ఏ మూలకీ రాదు.

మీ పెన్ను కూడా వంకరలు పోతుంటే, ముందు చార్జరు పీకి ఒక అడ్డగీత గీసి చూడండి. తిన్నగా వస్తే పెన్ను కొనకండి, వైర్‌మ్యాన్‌ని పిలవండి.