మేస్త్రి వాక్యం: టీకా తాత్పర్య సహితం

అవతారిక: కలకత్తాలో హుగ్లీ ఒడ్డున, ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయమున్న పేట గార్డెన్ రీచ్. రైలు కొలువుల వెంట తెలుగువారు చేరిన చోటు. అచట ఒక తాపీ మేస్త్రి, కొత్తగా పనిలో చేరిన కుర్రవానికి ఉపదేశించుచున్నాడు.

మూలం: "ఒరేయ్, కొస చూసి టేపు లాగు. మూలన మూడు నాలుగైదు చూడు. గుండు ఆగాక కట్టు."

ప్రతిపదార్థం: ఒరేయ్ = ఓ శిష్యా (గురువు ప్రసన్నుడై యున్నాడని ధ్వని; ఇటుక కాలిమీద పడినచో సంబోధన మారును); కొస = టేపు చివరి కొక్కెమును; మూలన = రెండు గోడలు కలియుచోట; మూడు నాలుగైదు = ఒక గోడ వెంట 3 అడుగులు, రెండవదాని వెంట 4 అడుగులు, ఆ గుర్తుల నడుమ 5 అడుగులు; గుండు = తూకపు గుండు, వంగ మేస్త్రులు ఓలన్ అందురు; ఆగాక = ఊగుట మానిన పిదప; కట్టు = ఇటుక పెట్టుము.

పూర్వపక్షం: "కొక్కెము కదలుచున్నది. టేపు చెడినది. సుత్తితో కొట్టి బిగింతును" అని శిష్యుడు.

సిద్ధాంతం: కొట్టరాదు. ఆ కదలిక కొక్కెము మందమంతయే. అంచుకు తగిలించి లాగినపుడు వెలికి జరుగును, గోడకు ఆనించి నొక్కినపుడు లోనికి జరుగును. అందుచేత రెండు విధముల కొలతయు సరిపోవును. బిగించినచో ఏదో ఒకటి తప్పును.

తాత్పర్యం: మూలలో అయిదడుగులకు ఎక్కువైనను తక్కువైనను ఆ మూల మట్టమునకు లేదు. పెద్ద గదికి 6, 8, 10 మేలు. యజ్ఞవేదికలకై బౌధాయన శుల్బసూత్రము 3, 4 భుజములను చెప్పినది; మన మేస్త్రి వంటయింటికి చెప్పుచున్నాడు. ఇక గుండు సంగతి. గోడ అడుగుకు పావు అంగుళము ఒరిగినచో పదడుగులకు రెండున్నర అంగుళములు. మన వైపు నాలుగున్నర అంగుళముల గోడ ఇచట అయిదంగుళములు. అందులో సగము గాలిలో నున్నట్లే.

విశేషం: 2024 మార్చి 17 అర్ధరాత్రి ఈ గార్డెన్ రీచ్‌లోనే, అనుమతి లేక లేపుచున్న అయిదంతస్తుల కట్టడము పక్క గుడిసెలపై కూలి పదిమందికి పైగా మరణించిరి. కావున మూలమున చెప్పని కొలత మరొకటి కలదు: ఆ నేల ఎన్ని అంతస్తులు మోయును, కార్పొరేషన్ ఎన్నింటికి ఒప్పినది? ఇది కుర్రవాని టేపుకు అందదు. కట్టించువాడే కొలుచుకొనవలెను.

ఫలశ్రుతి: దీనిని పాటించిన మేస్త్రికి పేరు, యజమానికి నిటారు గోడ, పొరుగువారికి కంటినిండా నిద్ర కలుగును. చదివి ఊరుకొన్నవారికి ఏమియు కలుగదు.