అంకులుగారి వంశవృక్షము

ఆంగ్లేయుల భాషయందు నాకు గల గౌరవము సామాన్యమైనది కాదు గాని, చుట్టముల విషయమున వారు చూపిన లోభత్వమును మాత్రము నేను క్షమింపజాలను. తండ్రికి అన్నయైనను, తమ్ముడైనను, తల్లికి తోడబుట్టినవాడైనను, మేనత్త మగడైనను, పినతల్లి మగడైనను, తుదకు పొరుగింటి ముసలాయనయైనను, అందఱకును ‘అంకుల్’ అను నొకే టోపీ పెట్టి వారు చేతులు దులుపుకొనిరి. వారి పొదుపునకు దండుగ చెల్లించువాడు, ఆ మాటను తన భాషలోనికి దింపబూనిన చీనా అనువాదకుడు.

‘మా అంకుల్ వచ్చెను’ అను వాక్యమొకటి ఆతని బల్లమీద పడినదనుకొనుడు. వచ్చినవాడు తండ్రికి అన్నయైనచో ‘బోబో’, తమ్ముడైనచో ‘షూషూ’, తల్లి సోదరుడైనచో ‘జ్యోజ్యో’, మేనత్త భర్తయైనచో ‘గూఫూ’, తల్లి అక్కచెల్లెండ్ర భర్తయైనచో ‘యీఫూ’. గ్రంథకర్త ఏ సంగతియు చెప్పక స్వర్గస్థుడై యుండును. ఇక అనువాదకుడు నిఘంటువు మూసి, కథలోని కుటుంబముల పుట్టుపూర్వోత్తరములు ఆరా తీయుచు కూర్చుండవలెను.

హామ్లెట్ విషయమున కొంత మేలు. చచ్చిన తండ్రి సింహాసనమెక్కిన రాజు గనుక అన్నయే యగునని లోకన్యాయముచే నూహించి, హంతకుని పినతండ్రిగా నిర్ణయింపవచ్చును. షేక్స్పియరు నాటకములు ముప్పదియొకటి అనువదించి 1944లో ముప్పదిరెండేండ్లకే కన్నుమూసిన జూ షంగ్‌హావ్ అట్లే చేసెను. చెహోవు నాటకమందలి వాన్యా సోన్యా తల్లికి సోదరుడు గావున, చీనాలో నాటకము పేరే ‘వాన్యా జ్యోజ్యో’ యైనది. ఇంగ్లీషు పాఠకుడు లోపలికి పోయి తెలిసికొనవలసిన మేనమామరికమును చీనా పాఠకుడు అట్టమీదనే చదువుకొనును. ఎవరికిని రక్తబంధువు కాని అంకుల్ టామ్ మాటయేమి? విదేశభాష ఒక్కటియు రాకున్నను, మిత్రుడు వే యీ నోట చెప్పుచుండగా ప్రాచీన శైలిలో వ్రాసికొనిన లిన్ షూ, 1901లో టాము కథ చెప్పు ఆంగ్ల నవలకు ‘నల్లబానిసలు నింగికి మొరపెట్టిన వృత్తాంతము’ అని పేరిడి, అట్టమీదినుండి అంకులునే తొలగించెను. తరువాతివారికి అంత ధైర్యము చాలక టామును ‘షూషూ’ను చేసిరి.

ఇవి యన్నియు తెలిసినకొలది, పెదనాన్నను, బాబాయిని, మేనమామను వేఱువేఱుగ పిలుచుకొను తెలుగువాడే చీనావానికి అసలైన చుట్టమని నాకు మహాగర్వము కలిగెను. ఆ గర్వము ‘ఎఱ్ఱమేడ కల’ అను పదునెనిమిదవ శతాబ్దపు చీనా నవల ముందర అణగినది. కథానాయకుడు జ్యా బావ్‌యూ మనసిచ్చిన లిన్ దైయూ వానికి మేనత్త కూతురు. పెద్దలు వానికి కట్టబెట్టిన ష్యూయె బావ్‌ఛై తల్లి తోబుట్టువు కూతురు, వయసున వానికంటె పెద్దది. ఇంగ్లీషున ఇద్దఱును ‘కజిన్’లే. చీనాలోనో, తండ్రి అన్నదమ్ముల బిడ్డలు మాత్రమే ‘తాంగ్’ వరుస, తక్కినవారెల్ల ‘బ్యావ్’ వరుస గనుక, ఇద్దఱును ‘బ్యావ్’లే. మన లెక్కలోనో, ఒకతె మరదలు, వేఱొకతె సాక్షాత్తు అక్క! మరదలిని ఏడిపించి చంపి, అక్కతో పెండ్లి జరిపించిన ఆ పెద్దలమీద నాకు వచ్చినంత కోపము ఏ చీనా పాఠకునికిని వచ్చియుండదు. చీనావారి 1980 నాటి వివాహచట్టము మేనరికమును, పినతల్లి బిడ్డల పెండ్లిని కూడ నిషేధించినది గావున, నేడైనచో ఆ కథకు ముడియే పడదు.

కావున ఇంగ్లీషున కథలు వ్రాయు మహనీయులకు నా విన్నపమొక్కటే: అంకులుగారిని ప్రవేశపెట్టినప్పుడు ఆయన ఏ వైపు వాడో, ఎవరికంటె పెద్దయో ఒక్క పంక్తి వ్రాసి పుణ్యము కట్టుకొనుడు. వ్రాయకున్నచో అనువాదకుడు తనకు తోచిన వరుస కలుపును. పిదప చుట్టరికము చెడినదని మీరు వగచి ప్రయోజనము లేదు.