పెద్దబండి న్యాయం

లోకవ్యవహారంలోని ఉపమానాలను ‘న్యాయాలు’ అనే పేరుతో సేకరించిన పూర్వ పండితులు కాకతాళీయ న్యాయాన్నీ, అంధగజ న్యాయాన్నీ, మత్స్య న్యాయాన్నీ వివరించి ఊరుకున్నారే తప్ప, జాతీయ రహదారి 44 ఒడ్డున పుట్టి పెరిగిన ఒక న్యాయాన్ని గ్రంథస్థం చేయలేదు. వారి కాలానికి మోటారు బండ్లు లేవు గనుక ఆ లోపాన్ని మన్నించవచ్చు. ఆ న్యాయం పేరు పెద్దబండి న్యాయం. రెండు వాహనాలు ఢీకొన్నప్పుడు ఎవరు ఎటు నుంచి వచ్చారు, ఎంత వేగంతో వచ్చారు, ఎవరు ఎవరికి దారి ఇవ్వవలసి ఉండింది అన్న ప్రశ్నలతో నిమిత్తం లేకుండా, చక్రాల లెక్కనూ ఇనుము బరువునూ చూసి దోషిని తేల్చే పద్ధతి ఇది. మత్స్య న్యాయంలో పెద్ద చేప చిన్న చేపను మింగితే, ఇక్కడ చప్పుడు వినపడిన మరుక్షణం నుంచి చిన్న చేపే పెద్ద చేపను మింగడం మొదలుపెడుతుంది.

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి దాకా ఈ సిద్ధాంతానికి తిరుగులేదు. సైకిలుకు మోటారు సైకిలు, మోటారు సైకిలుకు కారు, కారుకు లారీ వరుసగా దోషులు కాగా, ఆర్టీసీ బస్సు మాత్రం ఎవరికైనా దోషే. బరువే ప్రమాణమైతే మోటారు సైకిలుకు అడ్డం వచ్చిన బర్రె దోషి కావాలి గదా అని తార్కికులు ఆక్షేపించవచ్చు గాని, బర్రెకు చక్రాలు లేవు. పైగా బతికినన్నాళ్లు పూటకు రెండు లీటర్లిచ్చిన బర్రె రోడ్డు మీద చనిపోయిన గంటలోపే ఆరు లీటర్ల బర్రె అవుతుందనేది పల్లెల్లో అందరికీ తెలిసిన పాడి రహస్యం. యాసంగి కోతల తరువాత సగం రోడ్డు మేర ఆరబోసి, చుట్టూ బండరాళ్లు పేర్చి, పైన నల్లటి కవరు కప్పిన వడ్ల కుప్పకూ చక్రాలు లేవు గనుక, చీకట్లో దాన్ని ఎక్కి పడ్డవాడిదే తప్పు. కల్లాలు సరిపోని రైతు మరెక్కడ ఆరబోసుకోవాలన్న ప్రశ్నకు ఈ న్యాయంలో చోటు లేదు.

ఈ న్యాయస్థానం కొలువుదీరే తీరును చూడాలంటే ఏ సాయంత్రమైనా కామారెడ్డి నిజాంసాగర్ చౌరస్తాను ఊహించుకుంటే చాలు. ఎల్లారెడ్డి వైపు నుంచి వస్తున్న ఒక కారుకు, సందులోంచి అటూ ఇటూ చూడకుండా దూసుకొచ్చిన ఒక మోటారు సైకిలు తగులుతుంది. కారు బంపరు ఒక పక్క ఊడి వేలాడుతుంది, మోటారు సైకిలు ఫుట్‌రెస్టు వంగుతుంది, నడిపినవాడి మోచెయ్యి గీరుకుపోతుంది. రెండు నిమిషాల్లో ఇరవై మంది న్యాయమూర్తులు చేరతారు. వారిలో మొదటివాడు కారు తాళంచెవి గుంజుకుంటాడు, ఇది వారంటు లేని జప్తు. అప్పటిదాకా రోడ్డుకు వీపు పెట్టి మిర్చీలు తింటున్న పెద్దమనిషి ‘నా కండ్లతోని సూసిన’ అని ప్రత్యక్ష సాక్ష్యం ఇస్తాడు. ‘గంత పెద్ద బండి తోలుతున్నవ్, చిన్న బండి కనవడ్తలేదా?’ అన్నది అభియోగం; ‘ఎంతో కొంత ఇచ్చి తెంపుకో అన్నా, ఠాణాకు పోతే ఇద్దరికీ లుక్సానే’ అన్నది తీర్పు. నడుమ ఇరుపక్షాలు ఫోన్లు తీస్తాయి: ఒకరికి సర్పంచి తమ్ముడు తెలుసు, మరొకరికి ఎస్సైగారి ఊరివాడు తెలుసు, ఎవరి ఫోను ఎంత పైదాకా పోతే నష్టపరిహారం అంత మేరకు తగ్గుతుంది, లేదా పెరుగుతుంది.

ఇంతటి ధర్మాసనం ఉందని పార్లమెంటుకు తెలియదనుకుంటే పొరపాటు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 134వ సెక్షను, ప్రమాదం జరిగినప్పుడు డ్రైవరు గాయపడినవారికి వైద్యం అందేలా చూడాలనీ, 24 గంటల్లో పోలీసులకు తెలపాలనీ, బీమా కంపెనీకి లిఖితపూర్వకంగా చెప్పాలనీ విధిస్తూనే, జనం ఆగ్రహం వల్ల సాధ్యపడకపోతే వైద్యం విషయంలో మినహాయింపు ఇస్తుంది. మిర్చీ పెద్దమనిషికి చట్టపుస్తకంలో దక్కిన స్థానం అది. అదే చట్టం కింద 2017లో వచ్చిన డ్రైవింగు నిబంధనలు పక్కదారి నుంచి ప్రధాన రహదారి మీదికి వచ్చేవాడే ఆగి దారి ఇవ్వాలన్న అర్థం వచ్చేలా చెబుతున్నా, వాటిలో ఎక్కడా బండి బరువు ప్రస్తావన లేకపోవడం వల్ల చౌరస్తాలో వాటికి విలువ లేదు.

పెద్దబండి న్యాయానికి ఎదురు నిలవలేక కారువారు కల్పించుకున్న ప్రతిసూత్రాలు కూడా దానికేమీ తీసిపోవు. ‘వానికి లైసెన్సే లేదు, తప్పు వానిదే’ అన్నది మొదటిది. లైసెన్సు లేకుండా స్కూటరు నడుపుతూ గాయపడిన ఒక మైనరు కేసులో సుప్రీంకోర్టు 2008లోనే, లైసెన్సు లేకపోవడం వేరే నేరమే గాని అంతమాత్రాన ప్రమాదానికి కారణం కాదని తేల్చింది. ‘ఒక్క బండి మీద ముగ్గురెక్కిన్రు’ అన్నది రెండవది. దానికీ 2020లో అదే కోర్టు, ముగ్గురెక్కడానికీ ఢీకొనడానికీ కార్యకారణ సంబంధం చూపనిదే దాన్ని అంశదాయక నిర్లక్ష్యంగా, అంటే ప్రమాదంలో బాధితుడి వంతు తప్పుగా, లెక్కించరాదని చెప్పింది. మూడవ సూత్రం అన్నిటికంటే ప్రియమైనది: ‘ముందటోడు సడన్ బ్రేక్ కొట్టిండు.’ లారీ వెనక పది పదిహేను అడుగుల దూరంలో పోతూ దాన్ని గుద్దిన ఒక కారు వ్యవహారం 2018లో సుప్రీంకోర్టుకు వెళ్లినప్పుడు, ఆ ఎడం చాలదనీ, ముందు బండి ఆగినా గుద్దకుండా ఉండగలిగేంత దూరం పాటించవలసినది వెనకవాడేననీ కోర్టు తేల్చింది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు సుమారు 55 అడుగులు పోతుంది గనుక, పదిహేను అడుగులంటే పావు సెకను పైచిలుకు. కాలు బ్రేకు మీదికి చేరడానికే అంతకంటే ఎక్కువ పడుతుంది.

రోడ్డు మీద తెగిన పంచాది కాగితం మీదికి ఎక్కినప్పుడు మరో వింత కనిపిస్తుంది. చౌరస్తాలో ‘ఇరవై మీదనే ఉన్న’ అన్న కారు, స్నేహితుల దగ్గర ఎనభైలో ఉంటుంది. బీమా కంపెనీ సర్వేయరు ముందు ఆగే ఉంటుంది, మోటారు సైకిలే వచ్చి తగులుతుంది. తాటిచెట్టు మీద కాకి వాలడం, పండు రాలడం ఏకకాలంలో జరిగాయి తప్ప కాకికి ఏ పాపమూ తెలియదనే కాకతాళీయ న్యాయం సర్వేయరు ఫారాల్లో నేటికీ సజీవంగా ఉంది. అయితే చాలామంది అంతదూరం కూడా పోరు. క్లెయిము లేని మొదటి ఏడాదికి 20 శాతంతో మొదలై 50 శాతం దాకా పెరిగే రాయితీ, అనగా నో క్లెయిమ్ బోనస్, పోతుందన్న భయంతో నడిబజారులో నగదు లెక్కపెట్టి, ఇంటికి వెళ్లి గోడకు తగిలిందని చెబుతారు.

చలానా సంగతి మరీ సరసమైనది. తప్పుకు వెల కట్టి పంపే ఈ కాగితాన్ని వెంటనే కట్టినవాడు ఈ రాష్ట్రంలో అమాయకుడు. 2022 మార్చిలో పెండింగు చలానాల మీద ద్విచక్ర వాహనాలకు 75 శాతం, కార్లకు 50 శాతం తగ్గించారు. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారిన కొద్ది రోజులకే ద్విచక్ర వాహనాలకు 80 శాతం, కార్లకు 60 శాతం తగ్గించారు. పార్టీలు మారినా పాలకులు కలిసి నడిచిన అరుదైన విధానాల్లో ఇదొకటి. చీరల దుకాణం ఆషాఢంలో చేసే పనిని సిగ్నలు జంపింగుకు చేసినప్పుడు, కొనుగోలుదారుడు మరుసటి ఆషాఢం కోసం ఎదురుచూడడంలో తప్పేముంది? ‘ఆ ఫొటోలో ఉన్న బండి నాది కాదు’ అని వాదించే శ్రమ కూడా అతనికి తప్పింది.

ఈ న్యాయంలో ఒక రవ్వ ధర్మం లేకపోలేదు. నడిచేవాడికంటే కారువాడికి కొంత తాహతు ఉంటుందనీ, దెబ్బ తిన్నవాడికి ఎవరో ఒకరు ఆ పూటకే ఇవ్వాలనీ గుంపు గ్రహిస్తుంది. తప్పు ఎవరిదన్న రుజువు అడగకుండానే మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షల పరిహారం ఇచ్చే 164వ సెక్షనును 2019 సవరణ తెచ్చింది కూడా ఆ ఆలోచనతోనే. కాకపోతే ఠాణాకు పోతే లుక్సానని నమ్మి మూడు వేలకు తెంపుకున్నవాడికి ఆ సెక్షను పేరు చెప్పేవారు ఆ ఇరవై మందిలో ఉండరు. 2022 మే 8న నిజాంసాగర్ మండలం హసన్‌పల్లి దగ్గర, ఎల్లారెడ్డి నుంచి మనుషులను ఎక్కించుకుని వస్తున్న సరుకుల బండీ లారీ ఢీకొని తొమ్మిది మంది మరణించారు. ఏ బండి పెద్దదో చెప్పగలిగినవారు అక్కడ ఎందరైనా ఉండి ఉంటారు. సరుకుల బండిలో అంతమంది మనుషులు ఎందుకున్నారన్నది బరువు లెక్కకు అందే ప్రశ్న కాదు.

చౌరస్తాలోని కారు కథ మిగిలింది. మూడు వేలు చెల్లించి, తాళంచెవి తిరిగి పుచ్చుకుని, వేలాడుతున్న బంపరును సుతిలి తాడుతో కట్టుకుని, దేశంలో న్యాయం లేదని నిట్టూర్చిన ఆ యజమాని టేక్రియాల్ దగ్గర బైపాస్ ఎక్కుతాడు. ముందు ఒక కంటెయినరు లారీ పోతూ ఉంటుంది. ఊళ్లో పెద్దబండి అయిన తన కారు ఇక్కడ చిన్నబండి అయిందని అతనికి తట్టగానే ముఖం తేటపడుతుంది. యాక్సిలరేటరు నొక్కి, లారీ వెనక పన్నెండు అడుగుల దూరానికి చేరుకుని, దారి ఇవ్వమని హారను మోగించడం మొదలుపెడతాడు.