ప్యాసేజీ కింద ఐదు ప్రశ్నలు

రీడింగ్ కాంప్రహెన్షన్ అంటే ఒక ఇంగ్లీషు పేరా ఇచ్చి, దాని కింద ప్రశ్నలు వేసి, చదివినవాడికి అర్థమైందా లేదా అని తేల్చే పరీక్షా పద్ధతి. నాగర్‌కర్నూల్ జిల్లా కల్వకుర్తిలోనూ, చుట్టుపక్కల వెల్దండ, వంగూరు, ఊర్కొండ మండలాల్లోనూ దీని సాధన సంక్రాంతి సెలవులు అయిపోగానే ముమ్మరమవుతుంది. మార్చిలో పదో తరగతి పరీక్ష రాసేదాకా ఆగదు. సర్కారు బడుల్లో సాయంత్రాలు స్పెషల్ క్లాసులు పెడతారు. 2025లో ఆ క్లాసులకు కూర్చున్న పిల్లలకు ప్రభుత్వం పల్లీలు-బెల్లం, ఉల్లిపాయ పకోడీ లాంటి చిరుతిళ్లు కూడా ఇచ్చింది. సాధన మొత్తంలో కచ్చితంగా ఒంటబట్టేది అదొక్కటే.

ప్యాసేజీలు రెండు రకాలు. పాఠ్యపుస్తకంలోంచి ఇచ్చేది ఒకటి, బయటినుంచి తెచ్చిపెట్టేది మరొకటి. మొదటిదాన్ని పరీక్ష హాల్లో ఎవరూ చదవరు, గైడులో ఎప్పుడో చదివేశారు కనుక. కాళ్లూ చేతులూ లేకుండా పుట్టిన నిక్ వుయిచిచ్ గురించి పదో తరగతిలో 'యాటిట్యూడ్ ఈజ్ ఆల్టిట్యూడ్' అని ఒక పాఠం ఉంది. ఫిబ్రవరి వచ్చేసరికి అది ఎంతగా నలుగుతుందంటే, ప్రశ్నలో నిక్ పేరు కనబడితే చాలు, అడిగింది ఏమైనా సరే, బట్టీపట్టిన జవాబు దానంతటదే కాగితం మీదికి దిగిపోతుంది. రెండోదాన్ని అన్‌సీన్ ప్యాసేజీ అంటారు. అసలు సాధనంతా దీనికోసమే.

సాధన క్రమం ఇలా ఉంటుంది. ముందు ప్యాసేజీ జోలికి పోకూడదు, ప్రశ్న చదవాలి. ప్రశ్నలో బరువుగా కనిపించే మాట కింద గీత గీయాలి. అదే మాట పైన పేరాలో ఎక్కడుందో వెతకాలి. దొరికిన వాక్యాన్ని ఫుల్‌స్టాపు దాకా దించెయ్యాలి. ఈ పద్ధతి ఎంత గట్టిదో తెలుగులోనే చూడవచ్చు. "నిన్న పొద్దుగూకే వేళ లొటకడు మూడు డిబ్బెనలను జిబ్బినాడు." ప్రశ్నలు: జిబ్బినది ఎవరు? ఎన్ని డిబ్బెనలను జిబ్బినాడు? ఎప్పుడు జిబ్బినాడు? జవాబులు వరసగా లొటకడు, మూడు, నిన్న పొద్దుగూకే వేళ. మూడుకు మూడు మార్కులు. లొటకడెవరో, ఆ డిబ్బెనల గతి ఏమైందో కనుక్కోవాలని కూర్చున్న పిల్లవాడికి గ్రామర్ బిట్లకు టైము చాలదు.

ఇది కల్వకుర్తి కనిపెట్టిన విద్య కాదు. చదివింది అర్థమైందో లేదో నాలుగు ముక్కల్లో తేల్చి, తొందరగా దిద్దిపారేయాలన్న ఆత్రం అమెరికాలో వందేళ్ల కిందటే మొదలైంది. కాన్సాస్‌లో ఫ్రెడరిక్ కెల్లీ 1915 ప్రాంతంలో తయారుచేసిన మౌన పఠన పరీక్షను నేటి బిట్ పేపరుకు ముత్తాతగా లెక్కించవచ్చు. 1917లో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే మనస్తత్వవేత్త బడిపిల్లలకు ఒక చిన్న పేరా ఇచ్చాడు. ఫ్రాంక్లిన్ అనే ఊళ్లో ఏ వయసు పిల్లలు బడికి తప్పక రావాలో, ఏ కారణాలుంటే మానవచ్చో అందులో ఉంది. ఈ పేరా దేని గురించి అని అడిగితే కొందరు "ఫ్రాంక్లిన్" అన్నారు, కొందరు "కొన్ని వాక్యాలు" అన్నారు, ఇంకొందరు "పెద్ద అక్షరం" అన్నారు, మరికొందరైతే "అర అంగుళం ఖాళీ వదలాలి" అని రాశారు. పేరా రాసేటప్పుడు పంతులమ్మ చెప్పిన జాగ్రత్త అది. పాపం, బుద్ధిగా గుర్తుపెట్టుకున్నారు. చదవడమంటే ఆలోచించడమేనని థార్న్‌డైక్ తేల్చాడు. పరీక్షలు పెట్టేవాళ్లు ఆ మాటను గౌరవంగా పక్కన పెట్టి, ప్రశ్నలు మాత్రం ఉంచుకున్నారు.

ప్యాసేజీని ఎంచడానికి ఒక నియమం ఉంది. జవాబు పేరాలోంచే రావాలి, రాసేవాడి సొంత తెలివిలోంచి రాకూడదు. అందుకే ఎక్కడో సముద్రం అడుగున పగడాల గురించో, పేరూ ఊరూ లేని ఒక రాజు గురించో ఇస్తారు. కల్వకుర్తి గురించి ఇస్తే కొంప మునుగుతుంది. 1989 ఎన్నికల్లో ముఖ్యమంత్రి ఎన్టీ రామారావు హిందూపురంలో గెలిచి, కల్వకుర్తిలో కాంగ్రెస్ అభ్యర్థి చిత్తరంజన్ దాస్ చేతిలో ఓడిపోయాడని ఒక ప్యాసేజీ ఇచ్చి, ఎందుకు ఓడాడు అని అడిగారనుకోండి. పేరా వైపు ఒక్కడూ చూడడు. తాత చెప్పింది ఒకడు రాస్తాడు, మేనమామ చెప్పింది ఒకడు రాస్తాడు, ఇన్విజిలేటర్ సారు ఇద్దరివీ తప్పంటాడు. ఇంగ్లీషు పరీక్ష కాస్తా పోలింగ్ ఏజెంట్ల మీటింగయి కూర్చుంటుంది. ఇదే నియోజకవర్గం నుంచి 1969లో తొలిసారి అసెంబ్లీకి వెళ్లిన ఎస్. జైపాల్ రెడ్డి లోక్‌సభ ప్రసంగమేదైనా ఇద్దామంటే అదీ కుదరదు. ఆయన ఇంగ్లీషు వింటే సాటి సభ్యులు డిక్షనరీ వెతుక్కునేవారని ప్రతీతి. కాంప్రహెన్షన్ సాధన అప్పుడు పిల్లలకంటే ముందు పేపరు దిద్దేవాళ్లకు పెట్టాల్సి వస్తుంది.

సర్కారు బడుల్లో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఇంగ్లీషు మీడియం వచ్చింది. దానికి తోడుగా ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉండే ద్విభాషా పుస్తకాలిచ్చారు. కాంప్రహెన్షన్ చరిత్రలో ఇంత మేలైన సాధనం లేదు: అర్థం కాకపోతే మెడ కాస్త పక్కకు తిప్పితే సరిపోతుంది. అప్పుడు ఎనిమిదిలో ఉన్నవాళ్లు 2025 మార్చిలో పదో తరగతి పరీక్ష రాశారు. ప్రశ్నపత్రంలో ఎదురు పేజీ లేదు. మెడ తిప్పితే పక్కవాడి పేపరు కనిపిస్తుంది, దానికి వేరే నిబంధనలున్నాయి.

హాలుకు బయల్దేరేముందు సార్లు చెప్పే ఆఖరి మాట ఏ ఊళ్లోనైనా ఒకటే: "ఏదో ఒకటి రాయున్రి, ఖాళీ మాత్రం ఇడ్సిపెట్టకున్రి." అందుకే వాల్యుయేషన్‌లో కొన్ని పేపర్లలో ప్రశ్నే జవాబుగా దర్శనమిస్తుంది. ఇంకొన్నింటిలో ప్యాసేజీ మొత్తం మళ్లీ రాసి ఉంటుంది, జవాబు అందులో ఎక్కడో ఉండకపోదన్న ధీమాతో.

పది పాసైనా ఈ సాధన వదలదు. గ్రూప్-1 మెయిన్స్‌లో జనరల్ ఇంగ్లీషు పేపరు పదో తరగతి స్థాయిదే. తప్పితే మిగతా పేపర్లు చూడరు, పాసైతే దాని మార్కులు ర్యాంకులో కలపరు. అమ్మాయి తరఫువాళ్లు అడిగే గోత్రానికీ దీనికీ పెద్ద తేడా లేదు.

విదేశాలకు పోదలచినవారు హైదరాబాద్ బస్సెక్కి అమీర్‌పేటలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షకు కోచింగ్‌లో చేరతారు. ఆ పరీక్ష రీడింగ్ విభాగంలో అరవై నిమిషాల్లో మూడు పెద్ద ప్యాసేజీలు చదివి నలభై ప్రశ్నలు తేల్చాలి. చిక్కంతా ఒక రకం ప్రశ్నల దగ్గర వస్తుంది. ఇచ్చిన వాక్యం ఒప్పా, తప్పా, లేక ఆ సంగతి ప్యాసేజీలో లేనే లేదా అని అడుగుతారు. మూడోదాన్ని 'నాట్ గివెన్' అంటారు. జవాబు పైన ఎక్కడో ఉండే తీరుతుందని పదేళ్లు నమ్మినవాడికి, అది లేదని కనిపెడితేనే మార్కు అంటే మనసొప్పదు. ప్యాసేజీలో లేకపోతే లోకంలో ఉంది కదా అని ఒప్పు పెట్టేస్తాడు, మార్కు పోతుంది. కోచింగ్ సెంటర్లు దీనికీ మందు కనిపెట్టాయి: అరనిమిషంలో తేలకపోతే నాట్ గివెన్ గీకి ముందుకు పో. పదిహేను వేలకు పైగా ఫీజు కట్టిన పరీక్షలో ఇది కొంత పనిచేస్తుంది. ఆరున్నర బ్యాండ్ వస్తుంది, సీటు వస్తుంది, అదృష్టం బాగుంటే వీసా వస్తుంది. అక్కడ దిగిన వారంలోనే అద్దె ఇంటి అగ్రిమెంటు అనే అన్‌సీన్ ప్యాసేజీ చేతికొస్తుంది, ఇరవై ముప్పై పేజీలు. కింద ప్రశ్నలేమీ లేవు కనుక, నేర్చుకున్న పద్ధతి ప్రకారమే, నేరుగా ఆఖరి పేజీకి పోయి సంతకం పెడతారు.