పిలిచాం, పలకలేదు

రొద్దం పక్క చేను కాజేయాలంటే ఇప్పుడు కొడవలీ కట్టే ఎత్తాల్సిన పని లేదు. నలుగురు ప్రతివాదులుంటే చాలు. ముగ్గురు కోర్టుకు రాకూడదు, వచ్చే ఒక్కడు మనవాడై ఉండాలి.

ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చాక చుట్టుపక్కల చెనక్కాయ చేనుకూ రేటు వచ్చింది. నాన్న తనకే వీలునామా రాశాడని ఓ అన్న దావా వేశాడనుకుందాం. తమ్ముడూ ముగ్గురు చెల్లెళ్లూ ప్రతివాదులు. కూతురి పెళ్లికి బెంగళూరు, హిందూపురం, ధర్మవరం తిరిగి ముగ్గురికీ బొట్టు పెట్టి పిలిచొచ్చిన అన్నే, దావాలో మాత్రం వాళ్ల చిరునామాగా తాళం పడిన పాత పుట్టింటిని రాస్తాడు.

అమీనా వచ్చి ఆ తలుపుకే సమన్లు అంటించి పోతాడు. ఆ తర్వాత పేపర్లో ప్రకటన. ఆ పేపరు ఊళ్లోకి రాదు, కోర్టు ఫైల్లోకి మాత్రం తప్పకుండా వస్తుంది. వాయిదా నాడు బంట్రోతు వరండాలో మూడుసార్లు పేర్లు పిలుస్తాడు. బెంగళూరులో ఉన్న చెల్లెలు పలకదు. ఇంకేం, ఎక్స్‌పార్టీ! తమ్ముడొచ్చి 'అన్న మాటే నిజం' అని ఒప్పేసుకుంటాడు.

చట్టం మరీ అంత గుడ్డిది కాదు. కొందరే హాజరైతే, రానివాళ్ల సంగతి తీర్పునాడు తగిన విధంగా తేల్చమని 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్, ఆర్డర్ 9, రూల్ 11 చెబుతోంది. జవాబు దాఖలు కాలేదని కళ్లు మూసుకుని డిక్రీ ఇవ్వొద్దని 1999లో బలరాజ్ తనేజా కేసులో సుప్రీంకోర్టు హెచ్చరించింది. కళ్లు తెరవడానికి వాయిదాల మధ్య తీరిక దొరకాలి కదా!

జవాబు వేయని ప్రతివాది చనిపోయినా వాదికి ఇబ్బంది లేదు. ఆర్డర్ 22 కింద కోర్టు అనుమతిస్తే వారసులను కలపకుండానే తీర్పు ఇవ్వొచ్చు. బతికున్న రోజుల్లో ఇచ్చినట్టే అది చెల్లుతుంది. బతికుండగా అందని సమన్లకు చచ్చాక డిక్రీ!

చేలో జేసీబీ దిగినరోజు చెల్లెలికి సంగతి తెలుస్తుంది. సమన్లు సరిగా అందకుంటే, తెలిసిన నాటి నుంచి 30 రోజుల్లో డిక్రీ రద్దు కోరవచ్చు. 'అంతకుముందు నీకు తెలియదనడానికి సాక్ష్యమేది?' అంటాడు అన్న తరఫు వకీలు. తెలియకపోవడానికి సాక్షిని ఎక్కడినుంచి తెస్తుందామె?

ఆమె గెలిచిందే అనుకోండి. ముక్కలు చేయడానికి వీల్లేని డిక్రీ అయితే మిగతా ప్రతివాదుల మీదా రద్దు చేయొచ్చు. దావా మళ్లీ మొదటికి. అన్నేళ్లూ చెనక్కాయ అమ్ముకున్నది మాత్రం అన్నే.

తలుపుకు సమన్లు అంటించే ముందు కోర్టు వాదిని ఒక్కటి అడగాలి: 'పెళ్లి పత్రిక ఏ ఇంటికి ఇచ్చావు?' దీనికి చట్ట సవరణ అక్కర్లేదు. అడిగే ఓపిక వచ్చేదాకా ఆడబిడ్డలకు ఒకటే దారి. ప్రకటన ఏ పేపర్లో వేయిస్తున్నాడో అన్ననే అడిగి, దానికి చందా కట్టడం.