ఒకటి దగ్గర ఆగిన సిర్ర

నేను డప్పును. కట్టె చట్రానికి మేకతోలును చింతగింజల గంజితో అతికిస్తే పుట్టాను. గోదావరిఖనిలో ఒక కంపెనీ క్వార్టర్ గోడకున్న మేకు నా ఇల్లు. మా పెద్దాయన తట్టా చెమ్మస్ (గంప, పార) పట్టి బొగ్గు నింపిన ఫిల్లర్. బొగ్గుబాయి నుంచి వచ్చి, ఒళ్ళు కడుక్కుని నన్ను అందుకునేవాడు. జాతరకు నేను కావాలి, సావుకు కావాలి, యూనియన్ ఊరేగింపుకైతే నేనే ముందుండాలి. స్టేజీ మీదికి మాత్రం ఎవరూ పిలవరు.

డిసెంబర్ 23న సింగరేణి దినోత్సవం. ఆ వేడుకలో ఆడటానికి మనవరాలు చాచాచా డ్యాన్స్ నేర్చుకుంటోంది. ఫోన్‌లో పాట ఆగి ఆగి వస్తుంటే, "తాతా, జర నువ్వే కొట్టరాదే" అంది. చలికి నా తోలు మెత్తబడింది. పెద్దాయన కాగితాలు అంటించి కాచాడు.

"క్యూబాల గూడ ఎనుకట కాంగా డోలును గిట్లనే మంటకు కాచేటోళ్ళట!" అంది మనవరాలు.

మాకూ చుట్టాలున్నారన్నమాట!

డ్యాన్స్ మాస్టర్ చెప్పిన కథంతా ఆమె అప్పజెప్పింది. హవానాలో ఎన్రికే హొర్రిన్ అనే వయొలిన్ వాద్యకారుడు ఉండేవాడు. మాంబో అనే నాట్యంలోని ఎదురుదెబ్బలకు జనం కాళ్ళు తడబడటం చూసి, దంజోన్ అనే క్యూబా సంగీతంలోంచి సులువైన లయ కట్టాడు. 1953లో 'లా ఎంగన్యదోరా' పాట రికార్డయింది. ఆడేవాళ్ళ పాదాలు నేలకు రాసుకునే చప్పుడే 'చా చా చా' అని పేరైంది. కాళ్ళను తిట్టకుండా లయనే మార్చుకున్నాడే, ఆ మనిషి నాకు నచ్చాడు.

నడుము పనిగట్టుకుని ఊపొద్దట. ఒక మోకాలు వంగి ఇంకోటి నిటారైతే నడుము తానే కదులుతుంది. భుజాలు మాత్రం నెత్తిన నీళ్ళబిందె ఉన్నట్టు నిలకడగా ఉండాలి.

పేచీ అంతా లెక్క దగ్గరే వచ్చింది. నాలుగు దెబ్బల వరుసలో ఆమె అడుగు రెండు దగ్గర మొదలవుతుంది: రెండు, మూడు, చా చా చా. ఆఖరి 'చా' మళ్ళీ ఒకటి మీదికొస్తుంది. పెద్దాయనేమో ఒకటి దగ్గరే నన్ను దద్దరిల్లేలా కొడతాడు. ఆమె అడుగు తప్పుతుంది.

"గా దెబ్బ నాకిడువు తాతా."

"మొదటి దెబ్బ ఇడిసి డప్పెట్ల కొడుతరే బిడ్డా?"

గొణిగాడు, మళ్ళీ ఎత్తుకున్నాడు. రెండు, మూడు, నాలుగు. ఒకటి దగ్గర ఆయన చేతిలోని సిర్ర పుల్ల గాలిలో ఆగింది. అప్పుడే వాకిట్లో ఆమె పాదం పడింది.